చేతికెంత వస్తుంది?

ఆసుపత్రి, కింది అంతస్తు, సర్వర్ గది
మార్చి

ఏమోయ్ బావమరిదీ,

పెన్ను పట్టుకుని ఉత్తరం రాసి ఎన్నేళ్ళయిందో! అక్షరాలు కోడి గెలికినట్టున్నాయని నవ్వకు. ఫోన్ చేద్దామంటే మీ అక్క చెవి ఎప్పుడూ నా ఫోన్ పక్కనే ఉంటుంది. మెయిల్ రాద్దామంటే మీ ఆఫీసులోనూ కంప్యూటర్లన్నీ చూసుకునే మనలాంటి సిస్టమ్ అడ్మిన్ ఇంకొకడు ఉంటాడు, తలుచుకుంటే అన్నీ చదవగలడు. నేనిక్కడ ఎవరివీ చదవను. కానీ చదవగలనని తెలిసినవాణ్ణి కనుక ఇంకొకణ్ణి నమ్మలేను.

సూటిగా అడుగుతున్నాను. నీ చేతికి నెలకు ఎంత వస్తుంది?

కోపం తెచ్చుకోకు. మా ఆసుపత్రిలో ఇప్పుడు జీతాలు సవరిస్తున్నారు. నన్ను ఎవరితో కలిపి కట్టారో తెలుసా? లిఫ్టు మెకానిక్కు, జనరేటర్ ఆపరేటరు, నేను. ముగ్గురం ఒకే వరస. లిఫ్టు మెకానిక్కు నాకు మంచి స్నేహితుడు, వాడి పనిని చిన్నచూపు చూడను. కానీ లిఫ్టు ఆగితే మెట్లున్నాయి. నా యంత్రాలు ఆగితే ఏ మంచం మీద ఎవరున్నారో, ఎవరికి ఏ మందు పడదో డాక్టర్లకే తెలియదు.

పై అంతస్తులో బిల్లింగు ప్రోగ్రాం రాయడానికి ఇద్దరు కుర్రాళ్ళు కొత్తగా చేరారు. వచ్చిన రోజే వాళ్ళకు నాకంటే ఎక్కువ ఇచ్చారని క్యాంటీన్‌లో చెప్పుకుంటున్నారు. వాళ్ళు రాసింది పూటకోసారి పడిపోతుంది. లేపి నిలబెట్టేది నేను. పైగా "అంకుల్, మీ సర్వర్ స్లోగా ఉంది" అంటూ నా మీదకే దిగి వస్తారు. అన్నీ సవ్యంగా నడిస్తే నువ్వు చేసే పనేమిటంటారు, ఏదైనా ఆగితే నువ్వేం చేస్తున్నావంటారు. మన బతుకు నీకు కొత్తగా చెప్పాలా?

జీతాల ఫైలు కూడా నా యంత్రాల్లోనే ఉంది. తెరిచి చూస్తే ఎవరికెంతో తేలిపోతుంది. ఇన్నేళ్ళలో ఒక్కసారీ తెరవలేదు. ఇప్పుడు కడుపు మండుతోంది, అయినా తెరవను. మా హెచ్ఆర్ మేడమేమో, "బయట మీ పనికి ఎంతిస్తున్నారో తెలుసుకొచ్చి చెప్పండి సార్, అప్పుడు పైవాళ్ళతో మాట్లాడతాను" అంది. ఈ పనిలో నాకు తెలిసినవాడివి నువ్వొక్కడివే. మా ఇంట్లో పాత కంప్యూటర్ విప్పి నీకు నేర్పిందీ నేనే కదా.

నాకు వచ్చేది నలభై రెండు వేలు. కూరలో ఉప్పు తగ్గినా మీ అక్క "మా తమ్ముడైతే" అని మొదలుపెడుతుంది. ఆ తమ్ముడికి ఎంతొస్తుందో నన్నూ వినని. వెంటనే జవాబు రాయి.

నీ బావ


అద్దె గది, నాలుగో అంతస్తు
మార్చి చివర

బావగారికి నమస్కారం.

మీ చేతిరాత చూసి నవ్వలేదు. సరే, కొంచెం నవ్వాను.

నలభై రెండా? ఇన్నేళ్ళు ఎలా ఊరుకున్నారు బావగారూ? మీరు నోట్లో నాలుక లేని మనిషని వాళ్ళకు బాగా తెలిసిపోయింది. ఇక్కడ మన పనిని ఆ పేరుతో పిలవనే పిలవరు. అందరం ఇంజనీర్లమే. పేరు మారితే జీతమూ మారుతుంది. నాకు అన్ని కోతలూ పోను చేతికి తొంభై వస్తుంది.

కుర్చీలు కూడా వేరు. వెనక్కి వాలితే నడుముకు తగ్గట్టు వంగుతాయి. సర్వర్ గదిలోకి దిగే పనే లేదు, అంతా కూర్చున్న చోటి నుంచే. మీరు నాకు నేర్పిన పనే, నేర్పిన పద్ధతే. దానికిక్కడ ఇంత విలువ ఉంది. గట్టిగా అడగండి, మొహమాటపడకండి.

ఒక్క మనవి. మీ మేడమ్‌కు నా పేరు గానీ మా కంపెనీ పేరు గానీ చెప్పొద్దు. జీతం సంగతి బయటపెట్టకూడదని మా దగ్గర రూలు. ఉత్తరాలు కూడా ఆఫీసుకు వద్దు, గదికే రాయండి.

పిల్లలిద్దరికీ ముద్దులు. అక్కను అడిగానని చెప్పండి.

మీ బావమరిది


ఇల్లు, వంటింట్లో బల్ల దగ్గర
ఏప్రిల్

బావమరిదీ,

తొంభై అనగానే మా మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "మన ఊరి జీతాలు వేరు సార్" అంది. "యంత్రాలకు ఊరేమిటి మేడమ్? అక్కడైనా ఇక్కడైనా అవే వైర్లు, అవే డబ్బాలు" అన్నాను. నేనేనా ఈ మాటలన్నది అని నాకే ఆశ్చర్యమేసింది. నీ పేరు మాత్రం పెదవి దాటనివ్వలేదు.

వారం తిరక్కుండానే మళ్ళీ పిలిచారు. యాభై ఐదు ఇస్తామన్నారు! ఒక్క దెబ్బకు పదమూడు వేలు. లేచి గంతేయాలనిపించింది. సంతకం పెడదామని పెన్ను కూడా తీశాను. ఇంట్లో ఒక మాట చెప్పి వస్తానని ఆగాను.

ఇంటికొచ్చి చెబితే మీ అక్క గరిటె పక్కన పెట్టేసింది. "తొంభై పలికే మనిషివి యాభై ఐదుకు తలూపి వచ్చావా? మా తమ్ముడికి పని నేర్పిన గురువువి, వాడికి వచ్చేదాంట్లో సగమా నీకు?" అని నిలదీసింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నన్ను నీకంటే పైమెట్టు మీద నిలబెట్టడం ఇదే మొదలు. నిజం చెప్పనా, నా గుండె రెండింతలైంది. అప్పటి నుంచి యాభై ఐదు చిన్నదిగా కనిపిస్తోంది.

కానీ రాత్రి పడుకుంటే భయమేస్తుంది. అద్దె, పిల్లల ఫీజులు, అన్నీ ఈ ఒక్క ఉద్యోగం మీదే నడుస్తున్నాయి. నెలాఖరులోగా ఏదో ఒకటి చెప్పాలి. ఎనభైకి తక్కువైతే చేయను, మానేస్తానని చెప్పమంటోంది మీ అక్క. ఈ రంగంలో అందరూ అలా బెదిరించే పెంచుకుంటారట, నువ్వే ఎప్పుడో చెప్పావట.

అందుకని మళ్ళీ అడుగుతున్నాను. ఆ తొంభై నీ ఒక్కడికేనా, మీ దగ్గర అందరికీనా? బోనస్ గీనస్ కలిపి చెప్పావా? సరదాకి నాలుగు కోతలు కోసి ఉంటే ఇప్పుడే చెప్పెయ్. తప్పేం లేదు, ఆ వయసులో నేనూ కోశాను. నేను నవ్వేసి ఊరుకుంటాను, మీ అక్క చెవిన పడనివ్వను, వెళ్ళి యాభై ఐదుకు సంతకం పెట్టేస్తాను. నీ జవాబు చూశాకే అడుగు వేస్తాను.

బావ


అద్దె గది
ఏప్రిల్ చివర

బావగారికి,

ఉత్తరం అందింది. ఆలస్యమైనందుకు ఏమీ అనుకోవద్దు, ఇక్కడ పని ఎక్కువగా ఉంది.

యాభై ఐదు కూడా తక్కువేం కాదు. ఎవరి పరిస్థితులు వాళ్ళవి. మీరు తీసుకున్నా తప్పు పట్టేవాళ్ళుండరు. ఇల్లు గడవాలి కదా. ఇది ముందుగా చెప్పాలనిపించింది.

నిన్న అక్క ఫోన్ చేసింది. చాలాసేపు మాట్లాడింది. "నువ్వు లేకపోతే మీ బావకు తన విలువ ఏమిటో తెలిసేది కాదురా" అంది. పక్కింటావిడకు కూడా నా జీతం చెప్పిందట. ఆవిడ తన కొడుకును నా దగ్గరికి పంపిస్తానందట. అక్క గొంతు అంత హుషారుగా ఉండగా విని చాలా రోజులైంది.

నేను చెప్పింది చెప్పిందే. తొంభై. ఇక్కడ అందరికీ ఇంచుమించు అంతే. నిర్ణయం మాత్రం మీది, నా మాట మీద వదిలెయ్యకండి. ఈ సంగతి ఇక నన్ను అడగొద్దు, నాకు ఇబ్బందిగా ఉంది.

మీ
బావమరిది


సర్వర్ గది
మే

బావమరిదీ,

అడగొద్దన్నావు కాబట్టి అడగడం లేదు. జరిగింది చెబుతున్నాను.

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని వెళ్ళాను. ఎనభై ఇస్తేనే ఉంటాను, లేకపోతే మానేస్తాను అన్నాను. మేడమ్ లేచి తలుపు దగ్గరగా వేసింది. "సార్, ఇంకోసారి ఆలోచించుకోండి" అంది. మంచిదే పాపం. నేనే ఒంటికాలి మీద లేచాను. ఆలోచించాల్సింది మీరే అన్నాను. ఆ మాట నోటితో అని ఊరుకున్నా బాగుండేది, కాగితం మీద పెట్టి ఇచ్చాను.

నాలుగు రోజులు ఎవరూ ఏమీ అనలేదు. దిగొస్తారనుకున్నాను. మీ అక్క అప్పుడే ఎనభైలో దేనికెంతో లెక్కలు వేసేసింది. ఐదో రోజు మేడమ్ కిందికే వచ్చింది. ఈ గదికి ఆవిడ రావడం అదే మొదటిసారి. ఏసీ చలికి చేతులు కట్టుకుని నిలబడి, "మీ రాజీనామా ఒప్పుకున్నారు సార్. ఈ పని ఏజెన్సీకి ఇస్తున్నారు. వాళ్ళ మనిషి వచ్చేదాకా ఉండి అప్పగించి వెళ్ళండి" అంది. యాభై ఐదుకే ఉంటాను మేడమ్ అన్నాను. అనేశాను బావమరిదీ, సిగ్గు లేకుండా. "ఏజెన్సీ అందులో సగానికే మనిషినిస్తోంది సార్, ఇక నా చేతుల్లో లేదు" అంది.

మీ అక్కకు చెబితే లెక్కల కాగితం మడిచి పక్కన పెట్టింది. తర్వాత, "పోతే పోయింది, తమ్ముడున్నాడుగా" అంది. నాకూ ఇప్పుడున్నది ఆ ఆశే. మీ చోట నా గురించి ఒక్క మాట చెప్పు. తొంభై అక్కర్లేదు. డెబ్భై అయినా సరే, అరవై అయినా సరే. నీ కింద చేయమన్నా చేస్తాను. అవసరమైతే మీ గదిలో చాప వేసుకుని పడుకుంటాను, మీ అక్కా పిల్లలూ ఇక్కడే ఉంటారు.

ఇది అందిన రోజే జవాబు రాయి.

బావ


అద్దె గది
జూన్ మొదట్లో

బావగారికి,

మీ ఉత్తరం చదివి చాలా బాధ కలిగింది. అంత తొందరపడతారనుకోలేదు.

మా దగ్గర కొత్తవాళ్ళను తీసుకోవడం ఆపేశారు. ఉన్నవాళ్ళనే అటూ ఇటూ మారుస్తున్నారు. నన్ను కూడా ఇంకో చోటికి పంపేలా ఉన్నారు. ఎక్కడికో ఇంకా ఖాయం కాలేదు. మీరు ఇక్కడికి రావడం ఇప్పుడు వద్దు. వచ్చినా నేను ఉండకపోవచ్చు.

ఒక మాట చెబితే ఏమీ అనుకోరుగా? వెళ్ళేలోపు మీ పనంతా ఒక పద్ధతిగా రాసి పెట్టండి. బ్యాకప్ ఎప్పుడు తీస్తారు, ఏ యంత్రం దేనికి, ఏది మొరాయిస్తే ఏం చేయాలి, అన్నీ. తర్వాత వచ్చేవాడు ఎవడైనా వాడికీ కుటుంబం ఉంటుంది, మొదటి రోజే తడబడితే వాడి ఉద్యోగం పోతుంది. మీకూ మంచి పేరు మిగులుతుంది.

అక్క ఫోన్ చేస్తోంది, తీయలేకపోతున్నాను. పనిలో ఉన్నానని చెప్పండి.

బావమరిది


సర్వర్ గది
జూన్ చివర

బావమరిదికి,

నీ సలహా చదివి మొదట ఒళ్ళు మండింది. నా పొట్ట కొట్టి వస్తున్నవాడి కుటుంబం గురించి నేను ఆలోచించాలా అనుకున్నాను. నా దగ్గర పని నేర్చుకున్నవాడు నాకే నీతులు చెబుతున్నాడనుకున్నాను.

ఈ రోజు పొద్దున ఏజెన్సీ నుంచి మెయిల్ వచ్చింది, వచ్చే మనిషికి మా కంప్యూటర్లలో ముందుగా ఖాతా తెరిచి పెట్టమని. ఆ పని చేయాల్సింది ఎవరు? నేనే. పేరు చదివాను. ఇంటిపేరు చదివాను. మీ నాన్నగారి పేరు కూడా ఉంది. ఇంక అనుమానానికి చోటెక్కడ?

అయినా నా కళ్ళను నేను నమ్మక పైకి వెళ్ళి మేడమ్‌ను అడిగాను. ఆవిడకు నువ్వెవరో తెలియదు కదా, దాచుకోకుండా చెప్పింది. "కుర్రాడు పనిమంతుడేనట సార్. ఏదో పెద్ద కంపెనీలో ఏజెన్సీ తరఫున రెండేళ్ళు చేశాడట, ఇరవై ఎనిమిది వేలకు. ఇక్కడా అంతే ఇస్తారట. మీరు చెప్పిన తొంభై ఎక్కడిదో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు" అని నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది.

ఇరవై ఎనిమిది! నాకు నలభై రెండు వస్తున్నప్పుడు నీకు ఇరవై ఎనిమిది. నలభై రెండా, ఎలా ఊరుకున్నారు అని జాలిపడ్డావే!

నేను ఏప్రిల్‌లో నీకేం రాశాను? కోతలు కోసి ఉంటే చెప్పెయ్ అన్నాను. మీ అక్కకు తెలియనివ్వనన్నాను. ఒక్క ముక్క రాసి ఉంటే చాలు. ఈ పాటికి నేను యాభై ఐదు తీసుకుంటూ, ఇంటికొచ్చి మీ అక్కతో నిన్ను పొగుడుతూ ఉండేవాణ్ణి. ఒక్కటే అడుగుతాను. పనంతా రాసి పెట్టమని నాకు సలహా ఇచ్చినప్పుడు, వచ్చేది నువ్వేనని నీకు తెలుసా?

నీ ఖాతా తెరిచాను. పనంతా రాసి ఎర్ర అట్ట ఫైల్లో బల్ల మీద పెట్టాను. నీ కోసం కాదు, పైన మంచాల మీద ఉన్నవాళ్ళ కోసం. మూల ఉన్న పాత యంత్రం వేసవిలో వేడెక్కుతుంది, దాని మీద కన్నేసి ఉంచు.

మీ అక్కకు చెప్పలేదు. ఇంట్లో డబ్బు లేదని తెలిసినా తట్టుకుంటోంది. నువ్వు ఇలాంటివాడివని తెలిస్తే తట్టుకోలేదు. ఇక నుంచి నువ్వు ఈ ఊళ్ళోనే ఉంటావు. ఆమెకు ఏం చెబుతావో, ఎలా కనిపిస్తావో నీ ఇష్టం.

బావ అని సంతకం పెట్టడానికి చెయ్యి రావడం లేదు.


ఆసుపత్రి, కింది అంతస్తు, సర్వర్ గది
జూలై

బావగారికి,

తెలుసు. ఏజెన్సీ వాళ్ళు ఆసుపత్రి పేరు చెప్పాకే మీకు ఆ ఉత్తరం రాశాను. వద్దంటే పంపించేస్తామన్నారు. నా చేతిలో ఇంకో ఉద్యోగం లేదు. ఇంతకంటే చెప్పుకోవడానికి ఏమీ లేదు.

మీరు నన్ను తిట్టారని కాదు ఈ ఉత్తరం. ఈ రోజు ఇక్కడ జరిగింది మీకు తెలియాలి.

ఇక్కడ కెమెరాల తెర ఉంది కదా, మీరు కూర్చునే కుర్చీకి ఎదురుగా. మధ్యాహ్నం అందులో అక్క కనిపించింది. హెచ్ఆర్ గది బయట బెంచీ మీద కూర్చుంది. కొత్త చీర కట్టుకుంది. చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, వచ్చేపోయే ప్రతివాళ్ళ ముఖంలోకీ చూస్తోంది. చాలాసేపు కూర్చోబెట్టారు. లోపలికి వెళ్ళింది, తొందరగానే బయటికి వచ్చింది. మెట్ల దగ్గర ఆగి గోడ పట్టుకుంది. నేను ఒక్క అంతస్తు ఎక్కితే ఆమె ముందుండేవాణ్ణి. లేవలేదు. ఆమె బయటి గేటు దాటేదాకా ఒక కెమెరా నుంచి ఇంకో కెమెరాకు మారుతూ చూస్తూ ఉండిపోయాను.

సాయంత్రం ఏదో పని మీద మేడమ్ పిలిస్తే పైకి వెళ్ళాను. ఆవిడే చెప్పింది. "నీకు ముందున్నాయన భార్య వచ్చింది. పాత జీతానికైనా ఆయన్ను మళ్ళీ తీసుకోమంది. ఎలా కుదురుతుందమ్మా అంటే ఏమందో తెలుసా? మా తమ్ముడికి ఒక్క మాట చెబితే తొంభై వేల ఉద్యోగం ఇప్పిస్తాడు, కానీ బావమరిది ముందు చెయ్యి చాచడం మా ఆయనకు ఇష్టం లేదు, అందుకే మీ దగ్గరికి వచ్చాను అంది. ఇంకా ఆ తొంభై పాటే! పాపం, డాబు మనుషులు" అని నవ్వింది.

నేనూ నవ్వాను బావగారూ. ఆవిడ ముందు నిలబడి నేనూ నవ్వాను.

అక్కకు మీరే చెప్పేయండి. నాకు ముఖం చెల్లడం లేదు. ఈ ఇరవై ఎనిమిదిలో సగం ప్రతి నెలా మీకు పంపిస్తాను. కాదనకండి.

బావమరిది


ఇల్లు
ఆగస్టు

బావమరిదికి,

మీ అక్క ఆసుపత్రికి వెళ్ళిందని నీ ఉత్తరం చూశాకే తెలిసింది. ఆ రోజు బజారుకెళ్ళానంది. నేను ఏమీ అడగలేదు, అడగను కూడా.

డబ్బు పంపకు. పంపితే ఎక్కడిదని అడుగుతుంది. నువ్వు ఇంకా ఆ ఊళ్ళోనే, వాలే కుర్చీలో కూర్చుని ఉన్నావనుకుంటోంది. పక్కింటావిడ కొడుకు నీ చిరునామా అడిగితే నేనే ఏదో చెప్పి తప్పించాను. మీ అక్క బజారుకు వెళ్ళే దారిలో నువ్వు ఎదురుపడకు. ఒకవేళ ఎదురుపడితే అప్పుడు చెప్పాల్సింది నువ్వే, నేను చెప్పను. తన తమ్ముడు చేసిన పని ఆమెకు నా నోటితో వినిపించలేను.

నాకు పని దొరికింది. ఊరి చివర గిడ్డంగిలో కంప్యూటర్లు చూసుకోవాలి. తీసుకున్నది మీ ఏజెన్సీయే. ఇంకెవరూ పిలవలేదు. వయసు ఎక్కువని ఇరవై ఆరే ఇస్తామన్నారు. ఈసారి బయట ఎవరికెంతిస్తున్నారని ఎవరినీ అడగలేదు. చూపించిన చోట సంతకం పెట్టి వచ్చాను.

ఇంటికొచ్చి చెప్పగానే మీ అక్క తలుపు దగ్గరే నిలబడి, "మా తమ్ముడికి వచ్చేదాని ముందు ఇదేపాటి?" అంది. ఎప్పుడూ అనే మాటే. ఇన్నాళ్ళూ అది అబద్ధమని తెలియక తల దించుకున్నాను. ఇప్పుడది నిజమైంది. నీకు నాకంటే రెండు వేలు ఎక్కువ.

ఇక ఉత్తరాలు రాయకు.